గుర్రమెక్కిన పునీతుడు, రూపాయంత సీసం

గూడ్సు క్లర్కుగా ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నా చేతికి ఒక ఇనుప పటకారు ఇచ్చారు. వ్యాగన్ తలుపు మూసి, గొళ్లెంలోంచి తీగ దూర్చి, ఆ తీగ రెండు కొసలనూ ఒక సీసపు బిళ్లలోకి ఎక్కించి, ఆ బిళ్లను పటకారు దవడల మధ్య పెట్టి గట్టిగా నొక్కితే, సీసం మెత్తగా అణిగి తీగను పట్టేసుకునేది. దవడల లోపల చెక్కిన అక్షరాలు బిళ్ల మీద ఉబ్బెత్తుగా లేచేవి. తీగ కోయకుండా, బిళ్ల పగలగొట్టకుండా ఇక ఆ తలుపు తెరవడానికి వీలుండదు. నాకు ఆ పని నేర్పిన పెద్దాయన మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "ఒక్కటే పట్టు పట్టాలె తమ్మీ. రెండోసారి నొక్కితివా, అక్షరం మీద అక్షరం పడతది. గప్పుడు అది సీలు గాదు, అనుమానం." కాజీపేట చుట్టుపక్కల స్టేషన్లలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన తరువాత, ఆ మాటకు వెయ్యేళ్ల వెనుకటి సాక్ష్యం దొరుకుతుందని నేను అనుకోలేదు.

దొరికింది బైజాంటియన్ సామ్రాజ్యంలో. కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) రాజధానిగా, గ్రీకు రాజభాషగా, 1453లో తురుష్కుల చేతికి చిక్కేదాకా నిలిచిన ఆ రాజ్యంలో ఉత్తరాలకూ దస్తావేజులకూ సీసంతో ముద్ర వేసేవారు. ముందుగా సీసం కరిగించి, మధ్యలో సన్నని గొట్టంలాంటి సందు ఉండేటట్లు గుండ్రని బిళ్లలు పోతపోసి ఉంచుకునేవారు. ఉత్తరాన్ని మడిచి దారంతో కట్టి, ఆ దారం కొసలను బిళ్ల సందులోంచి లాగి, దానిని ఒక పెద్ద ఇనుప పటకారు దవడల నడుమ పెట్టి, పైన ఉన్న బుడిపె మీద సుత్తితో కొట్టేవారు. ఆ పటకారును వారు బుల్లోతిరియాన్ అన్నారు. దాని ఫొటోను మా మనవరాలు ఫోనులో చూపించినప్పుడు నాకు చేయి దురద పెట్టినంత పనైంది. నాది చేత్తో నొక్కేది, వారిది సుత్తితో కొట్టేది, అంతే తేడా. రెండు దెబ్బలు పడి బొమ్మ మీద బొమ్మ పడ్డ ముద్రలూ, దెబ్బ పక్కకు పడి సగం అక్షరాలు బిళ్ల అంచు దాటిపోయిన ముద్రలూ ఆ ఫొటోల్లో నాకు ఎన్నో కనిపించాయి. మా పెద్దాయన చూస్తే ఒక్కటీ పాసు చేసేవారు కాదు.

సీసమే ఎందుకంటే, 327 డిగ్రీల వేడికే కరుగుతుంది, చల్లారిన తరువాత కూడా దెబ్బకు లొంగుతుంది, చవక. చక్రవర్తి మాత్రం గొప్ప శాసనాలకు బంగారు ముద్ర వేసేవాడు. మిగిలిన లోకమంతా, ఆ మాటకొస్తే మామూలు ఉత్తరాలకు చక్రవర్తి కూడా, సీసంతోనే సరిపెట్టుకున్నారు. ఉత్తరాలు రాసిన తోలూ కాగితమూ మట్టిలో కలిసిపోయాయి కానీ ముద్రలు మిగిలాయి. వాషింగ్టన్‌లోని డంబార్టన్ ఓక్స్ అనే సంస్థ దగ్గరే దాదాపు 17,000 ముద్రలు ఉన్నాయి. వాటిలో చాలావాటి ఫొటోలు ఇంట్లో కూర్చునే చూడవచ్చు. మన కోటిలింగాలలో శాతవాహనుల సీసపు నాణేలను గోదావరి ఒడ్డు మట్టి కాపాడినట్లే, ఈ ముద్రలను దన్యూబు ఒడ్డు మట్టీ ఇస్తాంబుల్ మట్టీ కాపాడాయి.

ముద్రకు రెండు ముఖాలు. ఒకవైపు, ముఖ్యంగా 11వ శతాబ్దం నుంచి, ఎక్కువగా పవిత్రుల బొమ్మ ఉంటుంది. రెండోవైపు యజమాని పేరూ ఉద్యోగమూ బిరుదూ ఉంటాయి, చాలావాటి మీద ఒక చిన్న ప్రార్థన కూడా ఉంటుంది: "ప్రభూ, నీ దాసునికి సాయపడు." ప్రమోషను వచ్చి బిరుదు మారితే పాత పటకారు పనికిరాదు; కొత్తది చెక్కించాలి. కాబట్టి ఒకే అధికారికి వేర్వేరు కాలాల ముద్రలు మూడు నాలుగు దొరికితే, అతడు ఏ మెట్టు నుంచి ఏ మెట్టుకు ఎక్కాడో వరుసగా చెప్పవచ్చు. మా సర్వీసు రిజిస్టరు కంటే ఇది నయం, చెదలు పట్టదు.

ఇంగ్లీషులో సెయింటు అనే మాటను మా ఫాతిమా నగర్ క్యాథలిక్కులు పునీతుడు అంటారు. మంచి మాట కనుక నేనూ అదే వాడుతున్నాను. ఈ ముద్రల మీద అన్నింటికన్నా ఎక్కువగా కనిపించేది మరియ తల్లి. తరువాత పునీత నికోలస్, ప్రధాన దూత మైఖేల్, వారితోపాటు సైనిక పునీతులు తరచుగా కనిపిస్తారు: జార్జి, దెమేత్రియోస్, ఇద్దరు థియోడోర్లు. ఇద్దరిలో ఒకరు తీరోన్, అంటే కొత్తగా చేరిన సిపాయి; మరొకరు స్త్రాతిలాతిస్, అంటే సేనాపతి. వీరంతా రోమన్ చక్రవర్తుల కాలంలో క్రీస్తును విడవనన్నందుకు ప్రాణాలు పోగొట్టుకున్నవారని కథ. గమనించవలసిన సంగతి ఏమిటంటే, మొదట్లో వారిని కొలిచింది యుద్ధం చేసినందుకు కాదు, చంపినా మాట తప్పనందుకు. అందుకే చాలా పాత బొమ్మల్లో వారు ఆయుధాలు లేకుండా, పొడుగాటి అంగీలతో, చేతిలో సిలువతో నిలబడి ఉంటారు. కవచమూ ఈటె డాలూ తరువాత తరువాత వచ్చాయి. గుర్రం కూడా వచ్చింది, కానీ సీసం మీదికి రావడానికి మాత్రం బాగా మొహమాటపడింది.

ఈ మొహమాటం గురించే ఈ టపా రాస్తున్నాను. గోడల మీద చిత్రాల్లోనూ చెక్క మీది పటాల్లోనూ గుర్రమెక్కిన పునీతులు కొల్లలుగా ఉన్నారు. ఇవాళ పునీత జార్జి అనగానే ఎవరికైనా తెల్ల గుర్రమూ కింద పామూ గుర్తుకు వస్తాయి. అదే పునీతుడు ముద్రల మీద మాత్రం ఛాతీ వరకో, నిలువునా నిలబడో ఉంటాడు. గుర్రం మీద ఉన్న ముద్రలు వాటితో పోలిస్తే చాలా తక్కువ. సైన్యాధికారుల ముద్రల మీద కూడా అంతే. గుర్రం మీద బతికే మనుషులు తమ ఇష్టదైవాన్ని గుర్రం దింపి ఎందుకు నిలబెట్టారు?

పండితులు ఏమంటారో పక్కన పెట్టి, ముప్పై ఏళ్లు సీసం నొక్కినవాడిగా నాకు తోచింది చెబుతాను. ముద్ర వ్యాసం సామాన్యంగా రెండు నుంచి మూడు సెంటీమీటర్లు, అంటే పాత రూపాయి బిళ్లంత. అంత చోటులో ఛాతీ వరకు బొమ్మ చెక్కితే ముఖం చిటికెన వేలి గోరంత వస్తుంది. కళ్లూ జుట్టూ గడ్డమూ చూపించవచ్చు. అదే చోటులో గుర్రాన్ని నాలుగు కాళ్లతో, తోకతో, పైన మనిషితో, చేతిలో ఈటెతో ఇరికిస్తే ముఖానికి జొన్నగింజంత చోటే మిగులుతుంది. బైజాంటియన్లు పునీతులను పోల్చుకునేది ముఖాన్ని బట్టే. జార్జికి గడ్డం ఉండదు, జుట్టు ఉంగరాలు ఉంగరాలుగా ఉంటుంది. దెమేత్రియోస్ కూడా గడ్డం లేని యువకుడే కానీ జుట్టు అలా చుట్టలు తిరగదు. థియోడోర్లకు నల్లని గడ్డం. జొన్నగింజ మీద ఈ తేడాలు చూపించడం ఏ కంసాలికి సాధ్యం? తరువాతి కాలపు పటాల్లో జార్జిది తెల్ల గుర్రం, దెమేత్రియోస్‌ది ఎర్ర గుర్రం అని రంగుతో తేడా చూపించారు. సీసానికి ఆ వసతి కూడా లేదు. దానికి ఉన్నది ఒకటే రంగు.

ఇంకొక ఇబ్బంది దెబ్బది. సుత్తి దెబ్బ అటూ ఇటూ పడటం రోజూ జరిగేదే. ఛాతీ బొమ్మ నడిమధ్యన ఉంటుంది కనుక కాస్త జరిగినా ముఖం నిలుస్తుంది, పోయేది చుట్టూ ఉన్న చుక్కల అంచు. గుర్రం బొమ్మ బిళ్ల నిండా పరుచుకుని ఉంటుంది. దెబ్బ కుడికి జరిగితే గుర్రం తల పోతుంది, పైకి జరిగితే పునీతుడి తలే పోతుంది. తల లేని పునీతుడితో ఉత్తరం పంపడానికి ఏ సేనాపతికి మనసొప్పుతుంది?

మూడోది చెక్కడంలోని తిరకాసు. హనుమకొండ చౌరస్తాలో రబ్బరు స్టాంపులు చేసే అబ్బాయిని అడిగినా చెబుతాడు, ముద్రలో కుడివైపు రావాలంటే అచ్చులో ఎడమవైపు చెక్కాలి. ఎదురుగా చూసే ముఖానికి కుడి ఎడమలు ఒకటే కనుక పేచీ లేదు. గుర్రమెక్కినవాడికి అలా కాదు. అచ్చులో కుడిచేతికి ఈటె ఇస్తే సీసం మీద అతడు ఎడమచేతివాటం వాడవుతాడు.

ఇవన్నీ పనివాడి కారణాలు. ముద్ర వేయించుకున్నవాడి వైపు నుంచి చూస్తే మరొకటి తోస్తుంది. వెనుకవైపు "నీ దాసునికి సాయపడు" అని రాసి ఉన్నప్పుడు, ముందువైపు ఉన్నవాడు మన మొర వింటున్నట్లు ఉండాలి. ఛాతీ బొమ్మలోని పునీతుడు నేరుగా మనవైపు చూస్తాడు. గుర్రమెక్కినవాడు తన పనిలో ఉంటాడు. ముఖాన్ని మనవైపు తిప్పినా, మనసంతా ఈటె కొస దగ్గర ఉంటుంది. గుడిలో దర్శనానికి నిలబడ్డ దేవుడు కావాలా, ఊరేగింపులో వెళ్లిపోతున్న దేవుడు కావాలా అని అడిగితే, అర్జీ చేతిలో ఉన్నవాడు ఎవరిని ఎంచుకుంటాడో చెప్పనక్కరలేదు.

అయితే ముద్రకూ రౌతుకూ అసలు చుట్టరికమే లేదనుకుంటే పొరపాటు. ఈ పునీతులు కవచం తొడగకముందే, తూర్పు మధ్యధరా తీరమంతా జనం మెడలో కట్టుకున్న తాయెత్తుల మీద ఒక రౌతు ఉన్నాడు. నల్లగా మెరిసే హెమటైట్ రాయి మీద, గుర్రమెక్కి కింద పడి ఉన్న ఒక ఆడ దయ్యాన్ని ఈటెతో పొడిచే మనిషిని చెక్కి, పక్కన సొలోమోను అని గ్రీకులో రాసేవారు. రాయిని తిప్పి చూస్తే వెనుక రెండే మాటలు: "దేవుని ముద్ర." దయ్యాలను కట్టడి చేసే ఉంగరం సొలోమోను రాజుకు ఉండేదన్న కథ దీనికి మూలం. బాలింతలనూ పసిబిడ్డలనూ పీడించే ఆడ దయ్యాన్ని పొడిచే పనిని ఈజిప్టులో పునీత సిసిన్నియోస్ తీసుకున్నాడు. బావీత్ మఠం గోడ మీద అతడు గుర్రమెక్కి అదే పని చేస్తూ కనిపిస్తాడు. కాబట్టి గుర్రం, ఈటె, కింద పడిన కీడు అనే ఈ మూడింటి జట్టు సైన్యంలో పుట్టలేదు. తాయెత్తు కట్టుకునే ఇళ్లలో పుట్టింది. పురిటి మంచం కింద కత్తి పెట్టుకునే మన వాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పవలసిన పని లేదు.

సైన్యం ఈ బొమ్మను సొంతం చేసుకున్నది 10, 11 శతాబ్దాల్లో. పవిత్ర బొమ్మలను తీసివేయించిన చక్రవర్తుల కాలం 843లో ముగిసింది. ఆ కాలమంతా ముద్రల మీద బొమ్మలకు బదులు సిలువ ఆకారంలో అల్లిన అక్షరాలే ఎక్కువ. తరువాత బొమ్మలు తిరిగి వచ్చాయి, వాటి వెనుకే తూర్పు సరిహద్దుల్లో పోరాడే పెద్ద సైనిక కుటుంబాలూ పైకి వచ్చాయి. 971లో జాన్ త్సిమిస్కెస్ చక్రవర్తి దన్యూబు ఒడ్డున దోరోస్తోలోన్ దగ్గర రుస్ రాజు స్వియతోస్లావ్‌తో తలపడినప్పుడు, తెల్ల గుర్రం మీద ఎవరో తెలియని ఒక రౌతు అందరికన్నా ముందు శత్రువుల మధ్యకు దూసుకుపోయాడనీ, యుద్ధం ముగిశాక వెతికితే కనిపించలేదనీ, అతడు పునీత థియోడోర్ స్త్రాతిలాతిస్సేనని నమ్మారనీ ఆనాటి చరిత్రకారుడు లియో రాశాడు. పునీతుడు గుర్రమెక్కి యుద్ధానికి రావడం ఇక పటాల్లోని ఊహగా ఉండిపోలేదు. సైనికులు కళ్లారా చూశామని చెప్పుకునే సంగతి అయింది.

పామును చంపింది మొదట జార్జి కాదు. థియోడోర్ పేరు మీదనే ఆ కథ పాతది. నేటి టర్కీలోని కప్పడోసియా ప్రాంతంలో, గోరెమే దగ్గర, పాము గుడి అని నేడు పిలిచే చిన్న కొండగుహలో ఇద్దరూ గుర్రాల మీద ఎదురెదురుగా నిలిచి మధ్యలోని ఒకే పామును పొడుస్తున్న చిత్రం ఉంది. ఇద్దరికీ పంచిన పాము మెల్లగా జార్జి వాటాకు పోయిందన్నమాట. జార్జియా దేశంలోనైతే వెండి రేకుల మీద జార్జి పొడిచేది పామును కాదు, నేల మీద పడి ఉన్న మనిషిని. తనను చంపించిన దియోక్లెతియన్ చక్రవర్తిని. నాకు ఈ బొమ్మే ఎక్కువ నచ్చింది. పాము దగ్గరికి వచ్చేసరికి కథ పిల్లలది అవుతుంది. చక్రవర్తి దగ్గర అది లెక్క తీర్చుకోవడంగానే ఉంటుంది. దెమేత్రియోస్ కథలోనూ ఇలాగే మనిషి వచ్చి చేరాడు. 1207లో అతడి ఊరైన థెస్సలోనికిని ముట్టడించిన బల్గేరియా రాజు కాలోయన్ ఆ ఊరి బయటే చనిపోతే, మా దెమేత్రియోసే పొడిచాడని ఊరివారు చెప్పుకున్నారు. తరువాతి పటాల్లో అతడి గుర్రం కింద పడి ఉండేది ఆ రాజే.

అలాంటి కాలంలో ఒక అధికారి, నిలబడ్డ పునీతుడు సులువుగా దొరుకుతుండగా, ముఖం పోయే ప్రమాదానికి సిద్ధపడి గుర్రాన్నే చెక్కించమన్నాడంటే అది అలవాటు కొద్దీ చేసింది కాదు. ఆ బిళ్ల మీద అతడు చెప్పదలచింది తన పునీతుడు ఎవరన్నది కాదు, ఆ పునీతుడు ఏం చేస్తాడన్నది. ముఖం చేయలేని పనిని అక్షరాలు చేయాలి కనుక, ముద్రల మీద పేరును బొమ్మకు అటూ ఇటూ ఒకదాని కింద ఒకటిగా అక్షరాలు దించి రాసే పద్ధతి ఇక్కడ ప్రాణాధారం. మొదట గుండ్రని సున్నా మధ్యలో ఆల్ఫా అక్షరం ఉంటుంది, అది పునీత అనే మాటకు గుర్తు, తరువాత పేరు. గుర్రం కాళ్లు తన్నుకోని చోటు వెతుక్కుని ఆ అక్షరాలు సర్దుకోవాలి.

పడమటి ఐరోపాతో పోలిస్తే ఈ ఎంపిక ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడ ప్రభువులు ముద్రల మీద గుర్రమెక్కించింది పునీతుడిని కాదు, తమనే. ఇంగ్లండును 1066లో జయించిన విలియం ముద్రకు ఒకవైపు అతడే కవచంతో గుర్రం మీద ఉంటాడు. టెంపుల్ వీరులనే క్రైస్తవ సన్యాసి యోధుల ముద్ర మీద ఒకే గుర్రం మీద ఇద్దరు రౌతులు ఉంటారు. బైజాంటియన్ అధికారి సామాన్యంగా తన బొమ్మను తన ముద్ర మీద వేసుకోడు. పేరు ఒకవైపు, తనకు దిక్కైనవాడి రూపు మరోవైపు. 1204లో, ఇక్కడ గణపతిదేవుడు ఓరుగల్లు గద్దె మీద ఉన్న రోజుల్లో, క్రూసేడు అనే మతయుద్ధానికి పడమటి నుంచి బయలుదేరిన క్రైస్తవ సైన్యాలు కాన్‌స్టాంటినోపుల్‌ను దోచుకుని తమ చక్రవర్తిని నిలబెట్టినప్పుడు, ఆ కొత్త చక్రవర్తి తన ముద్ర మీద తానే గుర్రమెక్కి వచ్చాడు. ఊరు మారలేదు, సీసం మారలేదు, జీను మీద మనిషి మారాడు.

రెండు పద్ధతులూ కలిసిన చోట్లు కూడా ఉన్నాయి. క్రూసేడు వీరుల చేతిలో ఉన్న అంతియొకయలో 1112 నుంచి 1119 దాకా ఏలిన రోజర్ అనే నార్మన్ ప్రభువు రాగి నాణెం మీద పునీత జార్జి గుర్రమెక్కి పామును చంపుతాడు. నల్ల సముద్రం ఒడ్డున త్రెబిజోండ్‌లో రెండవ అలెక్సియోస్ కాలం నుంచి వెండి నాణేలకు ఒకవైపు చక్రవర్తీ, మరోవైపు ఊరి పునీతుడు యూజీనియోసూ ఇద్దరూ గుర్రాల మీదే ఉంటారు. యజమానికీ దేవుడికీ చెరొక గుర్రం, తగవు లేదు.

మన దగ్గర కూడా రాతి మీద గుర్రం కొదవ లేదు. మా అమ్మమ్మ ఊరి చెరువు కట్ట మీద ఒక వీరగల్లు ఉంది. కత్తి ఎత్తిన రౌతు, కింద పడిన ఇద్దరు. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గువాళ్లు పాడే మల్లన్న గుర్రమెక్కినవాడే. అదే దేవుడు మహారాష్ట్రలోని జేజూరిలో ఖండోబాగా రాక్షసులను గుర్రం కాళ్ల కింద వేసుకుంటాడు. కానీ తామ్రశాసనాల కడియానికి వేసిన ముద్రల మీద మన రాజులు గుర్రాన్ని పెట్టలేదు. వేంగీ చాళుక్యులు వరాహాన్నీ అంకుశాన్నీ పెట్టి మధ్యలో శ్రీ త్రిభువనాంకుశ అని రాశారు. కాకతీయుల గుర్తూ వరాహమే. వరాహం పొట్టిగా, గుండ్రంగా, బిళ్లలో సరిగ్గా పట్టే జంతువు. ఇది శాస్త్రం కాదు, పటకారు పట్టినవాడి పక్షపాతం.

ఇంత రాశాక చేతులు ఊరుకోలేదు. పోయిన ఆదివారం రెండు బట్టల సబ్బు బిళ్లలు తీసుకుని, పాత బ్లేడుతో రూపాయంత గుండ్రంగా గీసి, ఒకదానిలో గడ్డం ఉన్న ముఖాన్నీ రెండోదానిలో గుర్రమెక్కినవాణ్నీ చెక్కి, వంటింట్లో చపాతీకి కలిపిన ముద్దలోంచి కాస్త పిండి తీసుకుని వాటి మీద అద్దాను. ముఖాన్ని చూసి మా ఇంటావిడ "ఎవరో సాములోరు" అంది. రెండోదాన్ని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి, "మేక మీద ఎవరండీ?" అని అడిగింది. చూస్తే ఈటె కూడా ఎడమచేతిలోనే ఉంది. అంత రాసినవాణ్ని, అదే తప్పు చేశాను. మనవరాలు మాత్రం నా పక్షాన నిలబడి, పక్కన పేరు రాస్తే తెలుస్తుంది తాతా అంది. నిజమేనని బ్లేడు తీసుకుని గుర్రం ముందు కాళ్ల పక్కన ఒకదాని కింద ఒకటిగా థి, యో, డో, ర్ అని శ్రద్ధగా చెక్కి, కొత్త పిండి తీసుకుని అద్దాను. తిరగేసి చెక్కడం మరిచిపోయాను.